శ్రీసత్య ఇచ్చిన నాలుగో మాలిక్యూల్

శ్రీసత్య ఆ రోజు పొద్దుటి నుంచి పదకొండుసార్లు ఫెయిలయింది. ఆ సంగతి కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు, శ్రీసత్యకి తప్ప.

కంప్యూటర్ ల్యాబ్ బయట వరండాలో గోడకి ఒక టీవీ తగిలించి ఉంటుంది. లోపల సర్వర్ మీద ఎవరి లెక్క నడుస్తోంది, ఎవరిది వరసలో ఉంది, ఎవరిది మధ్యలో ఆగిపోయింది అన్నది దాని మీద కనబడుతూ ఉంటుంది. సర్వర్‌కి ఇచ్చే ప్రతి లెక్కకీ ఏదో ఒక పేరు పెట్టాలి. కొందరు నంబర్లు పెడతారు, కొందరు తారీఖులు పెడతారు. ఉమామహేష్ మాత్రం మాలిక్యూల్ ఎవరు ఇస్తే వాళ్ల పేరే పెట్టేస్తాడు. పరిశోధనలో చేరి ఐదేళ్లు, అప్పటి నుంచీ అదే అలవాటు. అందులో దురుద్దేశం ఏమీ లేదు, కాస్త బద్ధకం ఉంది. కిందటేడు పక్క ల్యాబు దొరబాబు పేరు నెల రోజులపాటు ఆ టీవీ మీద ఉంది. ఎవరూ తలెత్తి చూడలేదు. ఈసారి పేరు శ్రీసత్య కావడంతో వరండాలో పనిలేనివాళ్లు ఎక్కువయ్యారు.

మధ్యాహ్నం పన్నెండింటికి ఆ అమ్మాయి కింది అంతస్తు నుంచి పైకి వచ్చింది. చేతులకి రబ్బరు గ్లవ్స్, జుట్టు మీదికి నెట్టిన కళ్లజోడు, ఒక చేతిలో పట్టకారు. టీవీ ముందు నిలబడి పైనుంచి కిందిదాకా చదువుకుని, తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

"ఇక్కడ ఉమామహేష్ గారంటే ఎవరండీ?"

"నానేనండి."

"నేను ఎందులో ఫెయిలయ్యానో కొంచెం చెప్తారా?"

సైన్సు గురించి ఎవరైనా ఒక ప్రశ్న వేస్తే చాలు, అడిగేది ఎవరో, ఏ గొంతుతో అడుగుతున్నారో మనవాడికి గుర్తుండదు. కుర్చీ చూపించి, స్క్రీన్ ఆమె వైపు తిప్పి, వివరంగా చెప్పుకొచ్చాడు. ఆమె పంపిన ఐదు మాలిక్యూల్స్‌లో నాలుగోది మొండికేసిందని, మొదట గీసిన ఆకారం కుదరకపోతే సర్వర్ పావుగంట గింజుకుని ఆగిపోతుందని, అందుకే కొంచెం కొంచెం మార్చి మళ్లీ మళ్లీ ఇస్తున్నానని చెప్పాడు. చివర్లో ధైర్యం చెబుదామనుకున్నాడు.

"ఫెయిలయింది మీరు కాదండి, మీ నాలుగో మాలిక్యూల్. మీరు బాగానే ఉన్నారు."

అన్నాక గానీ ఏమన్నాడో అతనికే వినబడలేదు. వెనక కుర్చీలో ఎవరో దగ్గారు. శ్రీసత్య అతన్ని ఒక చూపు చూసింది. అది కోపమో, నవ్వు ఆపుకోవడమో అతనికి అంతుపట్టలేదు. పేరు మార్చమని చెప్పి, పట్టకారు ఊపుకుంటూ వెళ్లిపోయింది.

ఉమామహేష్ పేరు మార్చలేదు. మారిస్తే పాత ఫైళ్లన్నీ మళ్లీ కలుపుకోవాలి, అదొక చాకిరీ. అసలు కారణం అదేనని అప్పట్లో అతను గట్టిగా నమ్మాడు.

అంతవరకూ ముఖాలు తెలియని వాళ్లిద్దరినీ ఒకే పనికి కట్టింది వాళ్ల గైడు, ప్రొఫెసర్ భ్రమరాంబ గారు. ఉక్కు కడ్డీల మీద పట్టిన నల్లటి పెచ్చు పోవడానికి వాటిని యాసిడ్ తొట్టిలో ముంచుతారు. పెచ్చు పోతుంది గానీ యాసిడ్ అక్కడితో ఊరుకోదు, ఇనుముని కూడా తినేస్తుంది. అలా తినకుండా ఆ తొట్టిలో ఒక మందు కలుపుతారు. ఇప్పుడు వాడేవాటికన్నా మంచి మందు కోసం శ్రీసత్య ఐదు మాలిక్యూల్స్ తయారు చేసింది. చిన్న చిన్న స్టీలు ముక్కల్ని ఎమెరీ కాగితంతో తళతళలాడేలా రుద్ది, తూచి, మందు కలిపిన యాసిడ్‌లో ముంచి, తీసి, మళ్లీ తూస్తుంది. బరువు ఎంత తక్కువ తగ్గితే మందు అంత బాగా పనిచేసినట్టు.

ఉమామహేష్ బీకరు ముట్టుకోడు. ఒక మాలిక్యూల్ తన ఎలక్ట్రాన్లని ఎంత గట్టిగా పట్టుకుని ఉంది, ఇనుముకి ఎంత సులువుగా ఇస్తుంది అన్నది క్వాంటమ్ లెక్కలు కట్టి కంప్యూటర్‌లోనే తేలుస్తాడు. సులువుగా ఇచ్చేది ఇనుముని అంటిపెట్టుకుని కాపాడుతుంది.

రెండు వైపులా ఫలితాలు వచ్చాయి. నాలుగో మాలిక్యూల్ అన్నిటికన్నా గొప్పదని ఉమామహేష్ లెక్క చెప్పింది. నాలుగోదే అన్నిటికన్నా పనికిమాలినదని, రెండోది గొప్పదని శ్రీసత్య స్టీలు ముక్కలు చెప్పాయి.

భ్రమరాంబ గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. ఉమామహేష్ పద్ధతి కొత్తదేమీ కాదు, దాని మీద అతని పేపరు అచ్చయి రెండేళ్లయింది. కాబట్టి అనుమానం స్టీలు ముక్కల మీదికే పోయింది. నాలుగు వారాల తరవాత వచ్చే శుక్రవారం మళ్లీ కూర్చుందామని, అప్పటికీ రెండూ కలవకపోతే ప్రయోగాలు మొదటి నుంచి చేయాల్సి వస్తుందని మేడమ్ చెప్పారు. మొదటి నుంచి అంటే ఆరు నెలలు. శ్రీసత్య డిసెంబరులో థీసిస్ ఇచ్చేయాలని అనుకుంటోంది. ఉమామహేష్ కూడా డిసెంబరే అనుకుంటున్నాడు, అతని కోసం ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్ పోస్టు ఎదురుచూస్తోంది.

ఆమె ఇంక తన ముఖం చూడదని ఉమామహేష్ అనుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం మూడింటికి ఆమె వేయించిన బఠాణీల పొట్లంతో పైకి వచ్చి, అతని పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ లెక్కలు ఎలా కడతారో తనకి నేర్పమంది.

ఉమామహేష్ నేర్పాడు. ఆ రోజు నుంచి అతని బుర్ర పనిచేయడం మానేసింది.

ఎందుకంటే ఆమె రోజూ వచ్చేది. ఒకరోజు ఎంతో స్నేహంగా, నువ్వు భోంచేశావా అని అడిగేది. మర్నాడు సెమినార్‌లో లేచి నిలబడి అందరి ముందూ అతని లెక్కని ఉతికి ఆరేసేది. ఆ సాయంత్రం మళ్లీ బఠాణీలు. మీరు అన్న పిలుపు ఎప్పుడు నువ్వులోకి దిగిందో ఇద్దరిలో ఎవరికీ తెలియదు. అక్టోబరు వానలకి కిటికీలోంచి జల్లు కొట్టి కీబోర్డు తడిస్తే, తన చున్నీ కొంగుతో తుడిచింది. తుడుస్తూ, ఇంత నిర్లక్ష్యంగా ఉండేవాడి లెక్కలు ఎలా నమ్మాలని కూడా అడిగింది.

సర్వర్ ఆలోచిస్తున్నంతసేపూ స్క్రీన్ నల్లబడి ఉంటుంది. అందులో పక్కన కూర్చున్నవాళ్ల ముఖం మసకగా కనబడుతుంది. అతను ఆమె ముఖం చూద్దామని అందులోకి చూసినప్పుడల్లా ఆమె కూడా అందులోకే చూస్తూ ఉండేది. అప్పుడు ఇద్దరూ ఒకేసారి బఠాణీల కోసం చెయ్యి చాపేవారు.

దొరబాబుది శ్రీకాకుళం వైపు పల్లె. మూడు నెలలుగా ఈ తంతు చూస్తున్న మనిషిలా, మూడు రోజులకే విసుగొచ్చి ఒక మధ్యాహ్నం కాంటీన్‌లో అడిగేశాడు.

"బావా, ఆ పిల్ల నీ కాడికి లెక్కలు నేర్సుకోడానికే వత్తందంటావేటి?"

"మరేటికి?"

"అదే నానూ నిన్నడుగుతన్నాను."

ఉమామహేష్ రెండు వైపులా ఆలోచించి చూశాడు. ఆమెకి తనంటే ఇష్టమేమో అనుకుంటే సెమినార్ గుర్తొచ్చేది. కోపమేమో అనుకుంటే చున్నీ గుర్తొచ్చేది.

మొదటి వారం చివర్లో ఒక చిన్న విషయం జరిగింది. స్క్రీన్ మీద నాలుగో మాలిక్యూల్ తిరుగుతోంది. శ్రీసత్య దాని మధ్యలో నీలంరంగు బంతిలా కనిపించే నైట్రోజన్ మీద వేలు పెట్టి, దీని పక్కన ఇంకేమీ లేదేటి అని అడిగింది. ఏముండాలని అతను అడిగాడు. ఏమో, ఊరికే అడిగానంది. ఆ రోజు బఠాణీలు పూర్తవకుండానే లేచి వెళ్లిపోయింది. తనేమైనా అనరాని మాట అన్నాడేమోనని ఉమామహేష్ రెండు రోజులు మథనపడ్డాడు గానీ, ఆ ప్రశ్న గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

అది మళ్లీ గుర్తొచ్చేసరికి మూడు వారాలు గడిచాయి. అతను వారానికి మూడు సాయంత్రాలు ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతాడు. ఆ మంగళవారం పాఠం ఆమ్లాలు, క్షారాలు. అమ్మోనియాని యాసిడ్‌లో వేస్తే ఏమవుతుందని బోర్డు మీద రాస్తున్నాడు. యాసిడ్ నిండా హైడ్రోజన్లు తిరుగుతూ ఉంటాయి, నైట్రోజన్ కనబడగానే ఒకటి వెళ్లి దాని ఎలక్ట్రాన్లు పట్టుకుని అంటుకుపోతుంది. ఇది చెబుతూ చెబుతూ సుద్దముక్క బోర్డు మీదే ఆపేశాడు. పిల్లలు పెన్నులు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. ముందు బెంచీ అమ్మాయి, సార్, ఈక్వేషన్ పూర్తి చెయ్యలేదండీ అంది.

అతను ఐదేళ్లుగా మాలిక్యూల్‌ని శూన్యంలో ఒంటరిగా కూర్చోబెట్టి లెక్క కడుతున్నాడు. శ్రీసత్య దాన్ని యాసిడ్‌లో ముంచుతోంది. ఆ యాసిడ్‌లో నాలుగో మాలిక్యూల్ నైట్రోజన్‌కి ఈపాటికి హైడ్రోజన్ అంటుకుని ఉంటుంది. ఎలక్ట్రాన్లు అక్కడే చిక్కుకుపోతే ఇంక ఇనుముకి ఇవ్వడానికి ఏం మిగులుతుంది? ఇంటర్ పిల్లలకి చెప్పే పాఠం అది. దాన్ని పరిశోధన అనే మాట కింద ఎక్కడో మర్చిపోయాడు.

బుధవారం పొద్దున్నే ల్యాబుకి వెళ్లి ఐదు మాలిక్యూల్స్‌కీ యాసిడ్‌లో ఉండే రూపం గీసి సర్వర్‌కి ఇచ్చాడు. మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. నాలుగోది అట్టడుగుకి పడిపోయింది. రెండోది పైకి వచ్చింది. శ్రీసత్య స్టీలు ముక్కలు చెప్పిన వరసే, ఒక్క స్థానం కూడా తేడా లేదు.

అతనికి మొదట సంతోషం కలిగింది. తరవాత మిగతాది తట్టింది.

ఈ మాట బయటపెడితే రెండేళ్ల కిందటి పేపరు తప్పని పత్రికకి రాయాలి. దాని మీద కట్టిన మూడో చాప్టరు మొత్తం మళ్లీ చేయాలి. డిసెంబరు పోయినట్టే, లెక్చరర్ పోస్టు కూడా పోయినట్టే. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. బయటపెడితే శ్రీసత్య ప్రయోగాలు ఒప్పని తేలి, ఆమె డిసెంబరులో థీసిస్ ఇచ్చి వెళ్లిపోతుంది. ఆ థీసిస్ కోసమే ఇంట్లో సంబంధాలు ఆపి ఉంచారని ఆమే ఒకసారి బఠాణీలు నములుతూ చెప్పింది. బయటపెట్టకపోతే ఆమె ఆరు నెలలు ఇక్కడే, కింది అంతస్తులో, మళ్లీ స్టీలు ముక్కలు రుద్దుకుంటూ ఉంటుంది. రోజూ మూడింటికి పైకి వస్తుంది.

గురువారమంతా ఉమామహేష్ ఈ రెండింటి మధ్యా తిరిగాడు. మూడింటికి ఆమె వచ్చింది. అరచేతుల్లో ఎమెరీ కాగితం ఒరుసుకున్న గీతలు. రేపు మేడమ్ ఏమంటారోనని భయంగా ఉందని, మళ్లీ ఆరు నెలలు అంటే తన వల్ల కాదని అంది. ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖంలోకే చూసింది. అతను స్క్రీన్ వైపు తిరిగి, ఏమీ కాదులే అన్నాడు. ఆమె లేచి వెళ్లిపోయింది. పొట్లం విప్పనేలేదు.

సాయంత్రం కూర్మన్నపాలెం బస్సులో నిలబడి, దొరబాబుకి ఫోన్ చేసి అంతా చెప్పాడు. దొరబాబు మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. బస్సులో అందరూ విన్నారు.

"సెప్పకపోతే ఆ పిల్ల ఉంటాదిరా," అన్నాడు దొరబాబు చివరికి. "ఉంటాది. నీ పక్కన్నే కూకుంటాది. నువ్వు దాని మొకం సూడగలవేటి?"

ఉమామహేష్ ఇంటి దగ్గర దిగాల్సిన స్టాపు దాటిపోయి తరవాతి స్టాపులో దిగాడు. వెనక్కి నడిచి వచ్చేసరికి నిర్ణయం అయిపోయింది. మనసు మాత్రం తేలిక పడలేదు.

శుక్రవారం పదింటికి భ్రమరాంబ గారి గదిలో ముగ్గురూ కూర్చున్నారు. మేడమ్ ఇంకా ఫైలు తెరవకముందే ఉమామహేష్ మొదలుపెట్టాడు. తప్పు లెక్కలోనే ఉందన్నాడు. యాసిడ్ సంగతి వదిలేశానన్నాడు. కొత్త ఫలితాలు బల్ల మీద పెట్టాడు.

మేడమ్ కళ్లజోడు తీసి ఆ కాగితం దగ్గరగా పెట్టుకుని చదివారు. రెండేళ్ల కిందటి పేపరు సంగతేమిటని అడిగారు. అదీ తప్పేనన్నాడు. మూడో చాప్టరు? అదీనూ. డిసెంబరు? అతను తల అడ్డంగా ఊపాడు. మేడమ్ కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు.

"మంచిది," అన్నారు మేడమ్. "పత్రికకి రాసే ఉత్తరం సోమవారానికి నా బల్ల మీద ఉండాలి. శ్రీసత్యా, నువ్వు రాయడం మొదలుపెట్టు. ఏం, నీ ముక్కలు గెలిచాయి, సంతోషంగా లేదా?"

శ్రీసత్య తన ఫైలులోంచి ఒక కాగితం తీసి మెల్లగా బల్ల మీద పెట్టింది. అందులో నాలుగో మాలిక్యూల్ బొమ్మ ఉంది. నైట్రోజన్ పక్కన ఎర్ర పెన్నుతో ఒక హైడ్రోజన్ గీసి ఉంది. కింద, లెక్కలో ఇది లేదు, అందుకే తేడా వస్తోంది అని నాలుగు వాక్యాలు. పైన తారీఖు మూడు వారాల కిందటిది.

మేడమ్ ఆ తారీఖు చూశారు. తరవాత ఇద్దరి ముఖాలూ చూశారు. ఈ మాత్రం విషయం మీలో మీరు చెప్పుకోవడానికి మూడు వారాలు పట్టిందా అని అడిగి, జవాబు కోసం ఆగకుండా ఇంక వెళ్లమన్నారు.

కింద పోర్టికోలోకి వచ్చేసరికి వాన కుండపోతగా ఉంది. బయటికి అడుగు పెట్టే వీలు లేదు. ఇన్నాళ్లూ తను మోసపోయాడో, తను మోసం చేయబోయాడో ఉమామహేష్‌కే తేలడం లేదు.

"నీకు ముందే తెలుసు," అన్నాడు.

"తెలుసు."

"నా పక్కన కూకున్నది తప్పు పట్టడానికేనా?"

"మొదటి వారం అందుకే వచ్చాను," అంది శ్రీసత్య. దాచుకునే ప్రయత్నమేమీ చేయలేదు. "నా ఆరు నెలల పని తప్పంటే ఊరుకుంటానా? నీ లెక్కలో ఎక్కడ తప్పుందో వెతకడానికే వచ్చాను. వారంలో దొరికింది."

"మరి తరవాత?"

"తరవాత రావాల్సిన పనేమీ లేదు. అయినా వచ్చాను. ఎందుకొచ్చానో నువ్వే ఆలోచించుకో. నేను ఆలోచించేసుకున్నాను."

వాన చప్పుడులో ఆ మాట సరిగ్గా విన్నాడో లేదోనని అతను ఆమె ముఖం చూశాడు. సరిగ్గానే విన్నాడు. అయితే మరి ఎందుకు చెప్పలేదని అడిగాడు. చెబితే అతని పేపరు పోతుందని, ఆ మాట తన నోటితో అనడం ఇష్టం లేకపోయిందని, అతనే కనుక్కుంటాడేమోనని ఒక్కో రోజూ వాయిదా వేశానని ఆమె చెప్పింది. ఈ రోజు అతను నోరు తెరవకపోతే మాత్రం ఆ కాగితం తనే ఇచ్చేదాన్నంది.

అక్కడితో ఊరుకుని ఉంటే కథ ఆ వానలోనే సుఖంగా ముగిసేది. కానీ ఉమామహేష్ ఊరుకోలేదు. ఆ రోజు అతనికి నిజం చెప్పడం ఒక జబ్బులా పట్టుకుంది.

"నాకు బుధవారమే తెలిసింది," అన్నాడు. "నిన్నంతా సెప్పకూడదనుకున్నాను."

"పేపరు పోతుందనా?"

"అదొకటి. నువ్వు ఎల్లిపోతావని ఇంకోటి. సెప్పకపోతే ఆరు నెలలు ఇక్కడే ఉంటావని."

శ్రీసత్య ముఖం మారిపోయింది. నిన్న తను భయంగా ఉందని చెప్పినప్పుడు అతను స్క్రీన్ వైపు ఎందుకు తిరిగాడో ఇప్పుడు అర్థమైంది.

"ఒక రోజంతానా?" అంది. "నా చేతులు చూస్తూ కూడానా?"

ఆమె ఆ కుండపోతలోనే మెట్లు దిగి, తడుస్తూ బస్టాపు వైపు నడిచి వెళ్లిపోయింది. వెనక్కి తిరగలేదు.

పది రోజులు గడిచాయి. మూడింటికి ఎవరూ రాలేదు. ఆమె ఇంట్లో కూర్చుని థీసిస్ రాసుకుంటోందని దొరబాబు చెప్పాడు. ఉమామహేష్ రెండు మెసేజ్‌లు రాసి చెరిపేశాడు, మూడోది పంపాడు. చదివినట్టు గుర్తు పడింది గానీ జవాబు రాలేదు. నేనంటే ఇష్టమని చెప్పింది, చెప్పిన ఐదు నిమిషాలకే పోగొట్టుకున్నాను, ఇంత త్వరగా ఏ మాలిక్యూలూ చెడిపోదు అని దొరబాబు దగ్గర వాపోయాడు. దొరబాబు సానుభూతిగా అతని ప్లేట్లో బజ్జీ తీసుకుని తిన్నాడు.

పదకొండో రోజు పొద్దున్న తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. అవతల పెద్దమనిషి గొంతు. తన పేరు కామరాజని, శ్రీసత్య నాన్ననని, పోర్టులో లాంచీ నడుపుతానని, ఒకసారి వన్ టౌన్‌లో తమ ఇంటికి వచ్చి వెళ్లమని చెప్పాడు. ఎందుకని అడిగే ధైర్యం ఉమామహేష్‌కి లేకపోయింది.

ఆటో సందు మొదట్లోనే ఆగిపోయింది. నడిచి వెళ్లేసరికి కామరాజు అరుగు మీద నిలబడి ఉన్నాడు. లోపలికి తీసుకెళ్లి కుర్చీ వేశాడు. శ్రీసత్య గుమ్మం దగ్గర నిలబడి ఉంది, అతన్ని చూసి పలకరించలేదు. వెళ్లిపోనూ లేదు.

కామరాజుది తూర్పుగోదావరి. పోర్టులో చేరి ముప్పై ఏళ్లయింది. ఊరికే చుట్టూ తిప్పే మనిషి కాదు. రెండు సంబంధాలు వచ్చాయని, అమ్మాయి రెండూ వద్దందని, ఎందుకని నిలదీస్తే ఈ నంబరు ఇచ్చి, ముందు ఇతన్ని చూసి మాట్లాడండి అందని చెప్పాడు.

"నీ చదువు ఎప్పటికవుద్ది బాబూ?"

"ఇంకో ఏడాది పడతాదండి."

"డిసెంబరుకే అయిపోద్దని మా అమ్మాయి ఇదివరకు అనేది."

"లెక్కలో తప్పు జరిగిందండి. దిద్దాల."

"ఎవరిది తప్పు?"

"నాదేనండి." కాస్త ఆగి, గుమ్మం వైపు చూడకుండా మిగతాది కూడా చెప్పేశాడు. "తెలిసినాక కూడా ఒక రోజు దాసేనండి. మీ అమ్మాయి నష్టపోతాదని తెలిసే దాసేను."

వీధిలో ఎవరో స్కూటరు స్టార్ట్ చేసుకుంటున్నారు. అది మూడోసారికి అందుకుంది.

"మా లాంచీల్లో," అన్నాడాయన, "జెట్టీకి రాసుకున్నోడు ఎప్పుడూ గాలి మీద తోసేస్తాడు. లేదంటే కెరటం మీద. నాదే తప్పన్నోణ్ణి ముప్పై ఏళ్లలో ఇద్దర్ని చూశాను. ఆళ్లు కూడా అదే రోజు చెప్పలేదు." కూతురి వైపు తిరిగాడు. "నాకేం అభ్యంతరం లేదమ్మా. నీదేదో నువ్వు తేల్చుకో."

శ్రీసత్య డాబా మెట్లెక్కింది. వెళ్లాలో వద్దో తెలియక ఉమామహేష్ కామరాజు ముఖం చూశాడు. ఆయన కనుబొమలతోనే పైకి చూపించాడు.

డాబా మీద ఆరేసిన బట్టల మధ్య ఆమె నిలబడి ఉంది. దూరంగా పోర్టు క్రేన్లు తిరుగుతున్నాయి. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"ఆ గురువారం నేను మర్చిపోను," అంది. "మర్చిపోయానని అబద్ధం చెప్పను. దెబ్బలాడినప్పుడల్లా అంటాను."

"అను."

"అయినా పది రోజులు నీ మీద కోపం పెట్టుకుని రాయడానికి కూర్చుంటే రోజూ మూడింటికి నా పెన్ను ఆగిపోయేది. నాకది కోపం కన్నా ఎక్కువ విసుగు తెప్పించింది."

ఉమామహేష్‌కి నెలన్నరగా కమ్ముకున్న అయోమయం ఒక్కసారిగా విడిపోయింది. మొదటిసారి ఏమీ ఆలోచించుకోకుండా మాట్లాడాడు.

"శ్రీసత్యా, నువ్వంటే నాకిష్టం. సానా ఇష్టం."

"అది నీకన్నా ముందు మన డిపార్ట్‌మెంట్ అంతా చెప్పింది నాకు."

ఆమె నవ్వింది. ఈసారి అది నవ్వేనని అతనికి అనుమానం లేకుండా తెలిసింది. తరవాత అతనికి బాధ్యత గుర్తొచ్చింది. తన తప్పు దిద్దిన ఉత్తరం అచ్చవ్వాలని, చాప్టరు మళ్లీ రాయాలని, ఉద్యోగం వెతుక్కోవాలని, అంతవరకూ ఆగగలవా అని అడిగాడు.

"ఆగను," అంది శ్రీసత్య.

అతను కిందికి దిగే మెట్ల వైపు చూశాడు.

"పత్రికవాళ్లు జవాబు రాయడానికే ఆరు నెలలు తీసుకుంటారు. వాళ్ల కోసం నేనెందుకు ఆగాలి? నాకు జనవరిలో ఉద్యోగం వస్తుంది. నువ్వు పెళ్లయ్యాక దిద్దుకో, పక్కన కూర్చుని చూస్తాను. తప్పు చేస్తే అప్పుడే చెప్తాను, మూడు వారాలు ఆగను."

ఉమామహేష్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అరచేతిలో గీతలు మానుతున్నాయి, ఇంకా గరుకుగా ఉన్నాయి. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"మరి ఏ నెలలో?" అన్నాడు.

"అది నన్నడుగుతావేటి? మా నాన్న కిందే ఉన్నాడు, దిగి అడుగు."

అతను ముందు దిగాడు. మూడో మెట్టు మీద ధైర్యం చాలక ఆగిపోతే, వెనక నుంచి ఆమె వీపు మీద చెయ్యి వేసి నెట్టింది.